రాత్రిపూట రోగాలు రావద్దని మనవి

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో సంచరిస్తున్న సమస్త జ్వరాలకు, కడుపునొప్పులకు, ఆయాసాలకు, పాములకు, తేళ్లకు, నెలలు నిండిన కడుపులకు తెలియజేయునది ఏమనగా: మా ఊళ్లలో ప్రైవేటు ఓపీ పొద్దున పదింటి నుంచి రెండింటి దాకా, మళ్లీ సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా నడుచును. ఆదివారం ఒంటిపూట. దయచేసి ఆ వేళల్లోనే విచ్చేసి మర్యాద కాపాడుకోగలరు. తొమ్మిది దాటాక వచ్చిన రోగానికి డాక్టరు గారు గానీ, వారి ఫోను గానీ, ఆ ఫోను చార్జింగులో ఉన్న కింది మెడికల్ షాపు గానీ బాధ్యత వహించజాలరు. షుగరు పేషెంట్లు తెల్లవారుజామున చెమటలు పట్టించుకునే అలవాటు మానుకోవాలి. గుండెపోట్లు దసరా సెలవుల్లో రాకూడదు.

ఈ మనవిని ఊరూరా డప్పు కొట్టి చాటించాలని ఉంది. ఒకటే చిక్కు. నర్సింగ్ హోముల నెత్తిన దీనికి సరిగ్గా ఎదురు మాట ఎర్రక్షరాల్లో రాసి ఉంటుంది: "24 గంటల అత్యవసర సేవలు". అది అబద్ధమని నేననను. ఆ బోర్డు నిజంగానే 24 గంటలూ పనిచేస్తుంది. రాత్రంతా దాని లైటు వెలుగుతూనే ఉంటుంది. లైటు కింద షట్టరు దిగి ఉంటుంది. షట్టరు ముందు కుక్క పడుకుని ఉంటుంది. ఆ ఆవరణ మొత్తంలో నైట్ డ్యూటీ ఎగ్గొట్టనిది ఆ కుక్కే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో అద్దం వెనకో, బియ్యం డబ్బా మీదో పడి ఉన్న మందుల చీటీ ఒకటి తీసి చూడండి. పైన డాక్టరు పేరు, పేరు వెనక డిగ్రీలు, డిగ్రీల వెనక అవి చదువుకున్న ఊళ్లు. ఎడమ పక్కన నిలువుగా పరీక్షల పట్టిక. కింద "ఈ చీటీ 15 రోజుల వరకే చెల్లును" అనే హెచ్చరిక. అన్నిటికంటే అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, "అత్యవసరమైతే సంప్రదించండి" అని ఒక సెల్ నంబరు. పగలు ఆ నంబరుకు చేస్తే రెండో రింగుకే ఎత్తి "ఓపీ రాసుకోమంటరా?" అని తియ్యగా అడుగుతారు. రాత్రి చేస్తే అదే ఫోను సొరుగులో మూలుగుతూ ఉంటుంది. మీ రోగి మూలుగు వేరు, దాని మూలుగు వేరు. రెండిటినీ వినేవాళ్లు మాత్రం లేరు.

అదృష్టం బాగుండి ఒక్కోసారి ఎత్తుతారు. ఎత్తినప్పుడు జరిగే సంభాషణ మూడు జిల్లాల్లోనూ ఇంచుమించు ఒక్క తీరుగానే ఉంటుంది. గణపురం దిక్కు నుంచి ఒక అన్న రాత్రి రెండింటికి చేశాడనుకోండి.

"హలో, సారున్నడా?"

"సారు పండుకున్నడు. ఏందో చెప్పు."

"మా తమ్మునికి కడుపుల నొప్పి లేసింది. మోటరు కాడ పండుకున్నడు. ఇప్పుడే ఇంటికచ్చి కక్కుతున్నడు."

"రాత్రి ఏం తిన్నడు?"

"కోడికూర."

"ఆఁ, గ్యాస్ అది. గ్యాస్ గోలీ ఉన్నదా ఇంట్ల? ఒకటెయ్యి. పొద్దుగాల పదింటికి తీస్కరా. ఎనిమిదిన్నరకే ఓపీ రాపిచ్చుకో, లైను బాగుంటది."

"కండ్లు మూతలు పడుతున్నయంటున్నడు..."

"నిద్రస్తున్నట్టున్నది. పండుకోనియ్యి."

ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియక ఆగిపోయే వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కట్లపాము రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలోనే కాటేస్తుంది. కాటు నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. చీమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. ఒకటి రెండు గంటలకు కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిమానేస్తాయి. విషానికి విరుగుడు సూది ఉంది, ఊపిరి ఆడించే మిషను ఉంది. రెండూ అందే చోటికి పోవడానికి మనిషికి ఉన్న వ్యవధి, మనవాడు "పండుకోనియ్యి" అన్న ఆ కాసేపే. ఫోను ఎత్తినవాడికి పెద్ద చదువు అక్కర్లేదు. "కింద పండుకున్నడా? రెప్పలు లేపగలుగుతున్నడా?" అని రెండు ప్రశ్నలు వస్తే చాలు. కానీ ఆ పిల్లగాడికి ఎవరూ ఆ రెండు ప్రశ్నలు నేర్పలేదు. "ఓపీ ముందుగాల రాపిచ్చుకో" అన్నది నేర్పారు. పాపం, నేర్చుకున్నది తప్పకుండా అప్పజెప్పాడు.

ఇదేదో అరుదైన రోగమని కొట్టిపారేయకండి. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది దాకా పోయారని, అంటే ఏటా సగటున 58,000 మంది అని, 2020లో వచ్చిన మిలియన్ డెత్ స్టడీ అంచనా. ఎక్కువగా పోయిన రాష్ట్రాల వరుసలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు మీద జాతీయ ప్రణాళిక ఒకటి విడుదల చేసి, 15400 అని ఒక హెల్ప్‌లైన్ కూడా పెట్టింది. ప్రయోగంగా ముందు ఐదు చోట్ల. ఆ ఐదింటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ లేదు. కాబట్టి గోదావరి ఒడ్డున తిరిగే కట్లపాములు రాష్ట్ర విభజన చట్టాన్ని గౌరవించి అటువైపే కరవాలని రెండో మనవి.

మోటరు కాడ పండుకున్నడు అన్నాడు కదా ఆ అన్న. మోటరంటే కరెంటు గుర్తొస్తుంది. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. 24 గంటలు అని రాసి 24 గంటలు ఇస్తామన్న రెండో సంగతి ఈ రాష్ట్రంలో అదే. కరెంటు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చేసి నాలుగు తిట్లు తిట్టే రైతు, తమ్ముడి రెప్పలు వాలుతుంటే మాత్రం "సారును లేపితే ఏమనుకుంటడో" అని వెనకాడతాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎవరిని అడగాలో మనకు తెలుసు. మనిషి కాలిపోతుంటే ఎవరిని అడగాలో తెలియదు.

డాక్టర్లను మాత్రమే ఉతికి ఆరేస్తే సగం న్యాయమే అవుతుంది. అవతలి పక్క కూడా చూద్దాం. మొహమాటానికి పోయి తన సొంత నంబరు పది మందికి ఇచ్చిన డాక్టరు బతుకు ఎట్లా ఉంటుందో తెలుసా? రాత్రి పదకొండుంపావుకు మొదటి ఫోను: "సార్, పొద్దున సూది ఏపిచ్చుకున్న. వంకాయ తినచ్చా?" తెలుగువాడికి రోగం కంటే పథ్యం భయం ఎక్కువ. పన్నెండింటికి ఇంకోటి: "సార్, గోలీ తెల్లది ముందుగాల ఏసుకోవాల్నా, పచ్చది ముందుగాలనా?" ఒంటిగంటకు వాట్సాప్‌లో ఫొటో. సగం రిపోర్టు, సగం బొటనవేలు. దాని కింద ఒకటే మాట: "ఎట్లున్నది సార్". జవాబు రాకపోతే ప్రశ్నార్థకం. అప్పటికీ రాకపోతే దండం పెట్టే బొమ్మ. పొద్దున్నే దవాఖానకు రండి, చూసి చెప్తాను అన్నాడా, "ఫోన్ల చెప్పచ్చు గాని, మల్ల ఫీజు గుంజుతందుకే రమ్మంటున్నడు" అని ఊళ్లో మాట. చూసినందుకు ఫీజు ఇస్తాం, సూదికి ఇస్తాం, సెలైన్‌కు అడిగి మరీ ఇస్తాం. నిద్ర లేచి, ఆలోచించి, "భయం లేదు, పొద్దున రండి" అని చెప్పిన మాటకు మాత్రం పైసా ఇవ్వం. మాటకు విలువ లేని చోట మాట్లాడేవాడు ఎందుకు దొరుకుతాడు?

ఇంకోటి, అర్ధరాత్రి గుంపుగా వచ్చేవాళ్లలో సగం మంది మందు వాసనతో వస్తారు. రోగికి జరగరానిది జరిగితే అద్దాలు పగలడం ఇక్కడ ఆనవాయితీ. దవాఖానల మీద దాడులకు ప్రత్యేక చట్టం 2008 నుంచి ఉంది. అద్దాలు ఆ చట్టం చదవకుండానే పగులుతున్నాయి. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు జరిగిన ఘోరం తర్వాత, రాత్రి తలుపు తెరవడానికి ఒక ఆడ డాక్టరు జంకితే ఎగతాళి చేసే హక్కు ఎవడికీ లేదు. నాకూ లేదు.

అయితే సొంత నంబరు విషయంలో ఒక రహస్యముంది. డాక్టరు రాత్రి ఫోను ఎత్తడు అన్నది తప్పు. ఎత్తుతాడు. ఎమ్మెల్యే పీఏ చేస్తే ఎత్తుతాడు, ఎస్సై చేస్తే ఎత్తుతాడు, పేపరు విలేకరి చేస్తే ఎత్తుతాడు, ఎరువుల దుకాణం సేటు చేస్తే కుశలం కూడా అడుగుతాడు. మన చిన్న పట్నాల్లో డాక్టరు పర్సనల్ నంబరు భూమి పట్టా లాంటిది. కొందరి పేరు మీదే ఉంటుంది, మిగిలినవాళ్లు వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. తండాలో పిల్లకు ఫిట్స్ వస్తే తండ్రి ముందు డాక్టరుకు చెయ్యడు, మాజీ సర్పంచికి చేస్తాడు. మాజీ సర్పంచి మండల నాయకుడికి, నాయకుడు సేటుకు, సేటు డాక్టరుకు. ఈ లోపల ఫిట్స్ ఆగినా ఆగుతాయి, ఇంకేదైనా ఆగినా ఆగుతుంది. అవతల డాక్టరు చెప్పిన మాట మళ్లీ అదే దారిలో వెనక్కి ప్రయాణిస్తుంది. "పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏం పెట్టకండి" అన్నది తండాకు చేరేసరికి "నోట్లో చెంచా పెట్టమన్నడట" అయి ఉంటుంది.

పిలిస్తే పలకడం అంటే ఏమిటో ఈ నేలకు తెలియనిది కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే బమ్మెర ఉంది. అక్కడి పోతన రాసిన గజేంద్ర మోక్షం కంటే గొప్ప అర్ధరాత్రి కేసు తెలుగులో ఇంకోటి లేదు. పిలుపు వినగానే విష్ణువు భార్యకు చెప్పలేదు, ఆయుధాలు పట్టుకోలేదు, వాహనం పిలవలేదు, ఉన్నపళంగా బయల్దేరాడు. ఓపీ చీటీ ఉందా అని అడగలేదు. అందరూ ఇక్కడి దాకా చెప్పుకుని చేతులు జోడిస్తారు. నాకు మాత్రం అంతకు ముందు వచ్చే ముక్క ఇష్టం. ఏనుగు ఎవరి పేరూ పెట్టకుండా దేవుడా అని మొరపెట్టుకుంటే, బ్రహ్మ మొదలైన మిగిలిన దేవుళ్లంతా విన్నారట. విని, అది తమకు వర్తించదని ఊరుకున్నారట. పోతనకు మన వైద్య వ్యవస్థ ముందే తెలిసినట్టుంది. కన్సల్టెంటు విన్నాడు, తన స్పెషాలిటీ కాదన్నాడు. డ్యూటీ డాక్టరు విన్నాడు, సారు చెప్పాలన్నాడు. కాంపౌండరు విన్నాడు, పొద్దున రమ్మన్నాడు.

చట్టం ఏమంటుందని అడుగుతారేమో. చట్టం చాలా అంటుంది. వైద్యుల నడవడి మీద 2002 నాటి నియమావళి ప్రకారం డాక్టరు అడిగిన ప్రతివాడికీ వైద్యం చేయనక్కర్లేదు, కానీ రోగి పిలుపుకు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఒకే వాక్యంలో ఫోను ఎత్తమనీ ఉంది, పెట్టెయ్యమనీ ఉంది. తర్వాత 2018లో రత్నగిరి కేసు వచ్చింది. కాన్పయి ఇంటికెళ్లిన తల్లి వాంతులు, జ్వరంతో మళ్లీ దవాఖానకు వస్తే, ఊళ్లో లేని డాక్టర్లు ఫోన్లోనే మందులు చెప్పారు. ఆమె బతకలేదు. ఆ జూలైలో బొంబాయి హైకోర్టు ఆ డాక్టర్లకు ముందస్తు బెయిలు ఇవ్వనన్నది. దేశమంతా డాక్టర్లు ఆ తీర్పులో చదువుకున్న పాఠం ఒకటే: ఫోను ఎత్తినవాడు దొరికాడు. ఎత్తనివాడి మీద కేసు పెట్టాలంటే ముందు అతను ఎత్తలేదని రుజువు చేయాలి. రింగయిన శబ్దానికి సాక్షి ఎవడు?

చివరికి 2020 మార్చి 25న, దేశానికి తాళం పడ్డ రోజే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు బయటపెట్టింది. చదివితే ముచ్చటేస్తుంది. ఫోను ద్వారా సలహా చట్టబద్ధం. రోగి తానుగా చేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. డాక్టరు ఫీజు తీసుకోవచ్చు, రసీదివ్వాలి. ఏం చెప్పాడో రాసి దాచుకోవాలి. మత్తుమందుల జాబితాలో ఉన్నవి ఫోన్లో రాయకూడదు. ప్రాణం మీదికొచ్చిన కేసయితే తక్షణం చేయాల్సింది చెప్పి, దగ్గరి దవాఖానకు పంపాలి. అంటే అర్ధరాత్రి ఫోనుకు పద్ధతీ ఉంది, రేటూ ఉంది, రక్షణా ఉంది. ఇక కావలసింది ఒక రిజిస్టరు, ఒక పెన్ను. మన దవాఖానల్లో నాలుగు రకాల రిజిస్టర్లు చూశాను. ఏ ఆర్‌ఎంపీ ఎంతమందిని పంపాడో రాసుకునేది అట్ట వేసి, గీతలు కొట్టి, నీటుగా ఉంటుంది. రాత్రి ఎవరు ఫోన్ చేశారో రాసేది ఇంకా అచ్చుకాలేదు.

సర్కారు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పుట్టాయి. మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మంచిదే. సర్కారు దవాఖాన క్యాజువాలిటీ తలుపు రాత్రి తెరిచే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే తలుపు దాకా వచ్చినవాడికే తలుపు. రావాలా, తెల్లారేదాకా ఆగొచ్చా అని గూడూరు పక్క తండాలో కూర్చున్నవాడు ఎవరిని అడగాలి? ఊరికే బయల్దేరితే కిరాయి కారు పత్తి ఏరిన పైసలన్నీ మింగుతుంది. బయల్దేరకపోతే ఏం పోతుందో తెల్లారితే గానీ తెలియదు. మహాముత్తారం, పలిమెల అడవి పల్లెల్లోనైతే కొన్నిచోట్ల గుట్టెక్కితే గానీ సిగ్నలే అందదు. అక్కడ డాక్టరు ఫోను ఎత్తలేదన్న నింద కూడా లేదు, అంతవరకు వాళ్లు ధన్యులు.

108 ఉంది కదా అంటారు. ఉంది, దానికి దండం పెట్టాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మొదలుపెట్టించింది సత్యం రామలింగరాజు. కంపెనీ లెక్కలు పెంచి చూపానని 2009 జనవరి 7న తానే ఉత్తరం రాసుకున్న పెద్దమనిషి. కోట్ల లెక్క తప్పినాయన పెట్టిన ఫోను ఇవాళ్టికీ రింగవగానే ఎత్తుతున్నారు. లెక్కలన్నీ సరిగ్గా ఉన్న మన దవాఖానలది ఎత్తరు. అయితే 108 బండిని పంపుతుంది, "పొద్దున్నే వెళ్లండి, ఫరవాలేదు" అని చెప్పే బాధ్యత దాని మీద పెట్టలేదు. ఆ పని కోసమే 2007లో 104 వచ్చింది. ఫోన్ చేస్తే లక్షణాలు అడిగి, దాన్నిబట్టి ఏం చేయాలో చెప్పేవాళ్లు. ఆలోచన బంగారం. ఇప్పుడు ఊళ్లో ఎవరినైనా 104 అంటే ఏంటని అడగండి. నెలకోసారి బీపీ గోలీలు తెచ్చిన తెల్లబండి అంటారు. దానికొక ఫోను ఉండేదన్న సంగతి చెప్పినా నమ్మరు.

అన్ని దారులూ మూసుకున్నాక అందరూ చెప్పేది ఒక్కటే: "వరంగల్ తీస్కపోండి." ఈ మూడు జిల్లాల్లో రాత్రిపూట ఎక్కువగా రాసే మందు ఇదే. డోసు అరవై డెబ్బై కిలోమీటర్లు. జనగామ వాళ్లకు కొంచెం వెసులుబాటు, హైదరాబాద్ బ్రాండు కూడా దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డాక్టర్లెవరూ ఎత్తని ఫోనును ఒకడు రెండో రింగుకే ఎత్తుతాడు. "ఏమైందే, భయపడకు, వస్తున్న" అంటాడు. పది నిమిషాల్లో టీవీఎస్ బండి చప్పుడు. భుజాన రెక్సిన్ సంచి. ఇంటి పేర్లతో సహా అందరినీ ఎరుగును. ముసలమ్మకు షుగరుందనీ, కోడలికి నాలుగో నెల అనీ ఎరుగును. ఉద్దెర పెడతాడు. పైసలు పత్తి అమ్మినంక ఇమ్మంటాడు. అతనే మన ఆర్‌ఎంపీ. చట్టం ప్రకారం డాక్టరు కాదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద అతను చేసే పనికి ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తెలంగాణ వైద్య మండలి వాళ్లు ఊళ్ల మీద పడి తనిఖీలు చేస్తున్నారు, కేసులు పెడుతున్నారు. చేయాల్సిందే. ఆ రెక్సిన్ సంచిలో జ్వరానికీ స్టెరాయిడ్ సూదే, ఒళ్లునొప్పులకూ స్టెరాయిడ్ సూదే. కిడ్నీలు పాడుచేసే నొప్పి మందులు, రెండు పూటలు వాడి వదిలేసే యాంటీబయాటిక్కులు. కట్లపాము కేసుకు కూడా ముందు గ్లూకోజు సీసా ఎక్కించి, అది అయిపోయేదాకా చూద్దాం అంటాడు. అతన్ని వెనకేసుకు రావడం లేదు. ఒకటే గమనించమంటున్నాను. తనిఖీలు పగలు జరుగుతాయి. అతని వైద్యం రాత్రి జరుగుతుంది. పగలు అతని బోర్డు పీకేసినవాళ్లు, రాత్రి అతని బదులు ఎవరికి ఫోన్ చేయాలో ఆ గోడ మీద ఒక నంబరు రాసి వెళ్తే ఎంత బాగుండు.

ఇంకొక మాట చెప్పకపోతే కడుపుబ్బరం తీరదు. రోగి అన్న చేస్తే ఎత్తని ఆ నర్సింగ్ హోము నంబరుకు ఇదే ఆర్‌ఎంపీ చేస్తే ఎత్తుతారు. ఆ నంబరు కూడా వేరే ఉంటుంది. పీఆర్‌ఓ అని ఒకాయన ఉంటాడు, ఆయన నిద్రపోడు. "కేసున్నది, పంపుతున్న" అంటే చాలు, షట్టరు పైకి లేస్తుంది, లైట్లు వెలుగుతాయి, బెడ్డు మీద దుప్పటి మారుతుంది, పండుకున్న సారు లేచి కూర్చుంటాడు. తమ్ముడు అదే, కడుపునొప్పి అదే, టైము అదే. మారింది ఫోన్ చేసిన మనిషి, దాని వెనకాల వచ్చే పర్సెంటేజీ. కాబట్టి రాత్రిపూట ఫోనెత్తడం చేతకాదని మా డాక్టర్లను ఎవరూ అవమానించవద్దు. బ్రహ్మాండంగా చేతనవుతుంది.

బయటి దేశాల్లో ఎట్లా ఉంది? బ్రిటన్‌లో 2004లో ఫ్యామిలీ డాక్టర్లకు కొత్త ఒప్పందం వచ్చింది. ఏడాదికి సుమారు 6,000 పౌండ్లు వదులుకుంటే రాత్రి, వారాంతపు బాధ్యత వదిలించుకోవచ్చన్నారు. పదింట తొమ్మిది మంది నవ్వుతూ వదిలించుకున్నారు. ఖాళీ నింపడానికి కాంట్రాక్టు డాక్టర్లను తెచ్చారు. 2008లో అట్లా జర్మనీ నుంచి వచ్చిన ఒకాయన, ఆ దేశంలో తన మొదటి షిఫ్టులోనే, నొప్పి మందు పది రెట్లు ఇచ్చి ఒక పెద్దాయన ప్రాణం తీశాడు. డెన్మార్క్ అందుకు భిన్నంగా 1992లోనే ఒక తెలివైన పని చేసింది. రాత్రి ఫోను దగ్గర గుమస్తాను కాకుండా అనుభవమున్న డాక్టర్నే కూర్చోబెట్టింది. ఊరి డాక్టర్లంతా వంతులు వేసుకున్నారు. ఫోన్లో తేల్చిన కేసుకూ డబ్బు ఇచ్చారు. దాంతో చాలా కేసులు ఫోన్లోనే తేలిపోవడం మొదలైంది, ఇళ్లకు పోయి చూడాల్సినవి తగ్గాయి.

ఇది డెన్మార్క్, మనకు కుదరదు అనకండి. మన లెక్క ఇంకా సులువు. జనగామలో గానీ మానుకోటలో గానీ ప్రైవేటు ప్రాక్టీసు చేసే డాక్టర్లంతా కలిసి వంతులేసుకుంటే, ఒక్కొక్కరికి నెలలో ఒక రాత్రో రెండు రాత్రులో పడుతుంది. పట్నానికంతా ఒకటే నంబరు. ఎత్తేవాడి ముందు ఒక అట్ట: ఊపిరి ఆడుతోందా, రెప్పలు వాలుతున్నాయా, బాలింతకు గంటలో ఎన్ని గుడ్డలు తడిశాయి, పురుగుల మందయితే డబ్బా మీద పేరేంటి, పిల్ల పాలు తాగుతోందా, ఉచ్చ పోసి ఎంతసేపయింది. లంబాడీ, కోయ మాటలు వచ్చిన నర్సమ్మ పక్కన ఒకరు. ఫోన్‌పేలో వంద రూపాయలు, లేనివాళ్లకు మాఫీ. పథ్యం ప్రశ్నలకు రెండొందలు. వంకాయ మీద ఒక రికార్డింగు పెట్టేస్తే ఇంకా మంచిది.

ఇందుకోసం ఒక మీటింగ్ పెడితే ఏం జరుగుతుందో కూడా నేను చెప్పగలను. ఏదో మందుల కంపెనీ ఖర్చుతో హోటల్ ఏసీ హాల్లో పెడతారు. మటన్ బిర్యానీ ఉంటుంది. ఒక సీనియర్ సారు లేచి వైద్యో నారాయణో హరిః అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆలోచన గొప్పదని ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకుంటారు. పిల్లల డాక్టరు, నా కేసులకు వంతులు కుదరవు, పైగా అన్ని ఫోన్లూ నాకే వస్తాయంటాడు. ఎముకల డాక్టరు, విరిగిన కాలుకు ఫోన్లో ఏం చెప్తాను, నన్ను మినహాయించండంటాడు. గైనిక్ మేడమ్, రాత్రంతా మెలకువగా ఉండేది ఈ హాల్లో నేనొక్కదాన్నే, నాకు కొత్తగా వంతేంటంటుంది. ఆమె అన్నది నిజమే గనక ఎవరూ మాట్లాడరు. సీనియర్ సారు హన్మకొండ నుంచి రోజూ వచ్చిపోతాడు కాబట్టి ఆయనకు రాత్రి వర్తించదు. చివరికి, ముందు నంబరయితే అచ్చు వేయిద్దాం, వంతులు తర్వాత చూసుకుందాం అని ఒక రాజీ కుదురుతుంది. ఎవరి నంబరు వేయాలన్న దగ్గర కాసేపు నిశ్శబ్దం. ఐస్‌క్రీం వస్తుంది. ఐస్‌క్రీం తింటూ తింటూ, ఆ పూట మీటింగుకు రాని డాక్టరు నంబరు వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు.